గుప్పిట గవ్వలు

కృష్ణగిరి జిల్లాలో డెంకణికోట తాలూకాకు చేరిన కెలమంగలము, బెంగుళూరునుండి సేలమునకు పోవు రైలుదారిలో ఒక చిన్న స్టేషనుగా, గులాబీతోటలకును టమాటాతోటలకును రాగిచేలకును నడుమనున్న పేటగా బయటివారికి తెలిసియుండవచ్చును గాని, ఇంట తెలుగును, బడిలో తమిళమును, అంగడిలో కన్నడమును ఏ శ్రమయు లేక మాటలాడుచు, ఉద్యోగపు పరీక్షకై మాత్రము ఇంగ్లీషును కష్టపడి అభ్యసించు ఆ యూరి యువజనుల సంగతి అంతగా తెలిసినది కాదు. 2006లో తమిళనాడు శాసనసభ చేసిన చట్టమువలన మొదటి తరగతినుండి తమిళము నిర్బంధపాఠ్యమైనది. 2021 డిసెంబరులో వెలువడిన ఉత్తర్వువలన రాష్ట్రప్రభుత్వపు కొలువుల పరీక్షలలో తమిళ పత్రము తప్పనిసరియైనది. అందు నూటికి 40 మార్కులు రానివాడు తక్కిన భాగములలో ఎంత బాగుగా వ్రాసినను ప్రయోజనము లేదు. కావున రాష్ట్రపు కొలువు కోరువాడు తమిళ వ్యాకరణమును, కేంద్రపు కొలువో బ్యాంకు కొలువో కోరువాడు ఇంగ్లీషు వ్యాకరణమును, రెండును కోరువాడు రెండింటిని మోయవలసియున్నది. తల్లి నేర్పిన తెలుగు ఈ రెండు తావులను అక్కరకు రాదు. దానిని గూర్చి దుఃఖించుటకు వేరొక వ్యాసము కావలెను.

నేనిచట విచారింపదలచినది వేరు. పొట్టకూటికై, ఫలాపేక్ష స్పష్టముగా నుంచుకొని, పరభాషయొక్క వ్యాకరణసూత్రములను, వాడుకలో ఎన్నడును తగులని పదములను రేయింబవళ్లు వల్లెవేయు ఈ యభ్యాసమునందు ఆత్మసంస్కారమునకు చోటు కలదా, లేదా? భక్తులైన పెద్దలు కొందరు ఇది కామ్యకర్మయనియు, ఇందు పరమార్థమును వెదకుట ఇసుకనుండి తైలము తీయుటయనియు తేల్చివేయుదురు. మరికొందరు ఉపన్యాసకులు ఏ పని యైనను మనసుపెట్టి చేసినచో అదియే పూజయని తీయగా పలికి తప్పించుకొందురు. మొదటి మాటలో కాఠిన్యమును, రెండవదానిలో సోమరితనమును నాకు కనబడుచున్నవి. పనిని దగ్గరనుండి చూడక దాని విలువ కట్టిన దోషము ఇరువురికిని సమానము.

దగ్గరనుండి చూతము. నాకు మేనల్లుని వరుసయగు ఒక యువకుడు కెలమంగలములో తన మిద్దెగదిలో కూర్చుండి స్టాఫ్ సెలెక్షన్ కమిషను వారి పరీక్షకు చదువుచున్నాడు. రెన్ మార్టిన్ ద్వయము రచించిన వ్యాకరణమును, నార్మన్ లూయిస్ 1949లో ప్రకటించిన పదసంపద పుస్తకమును, అట్టలు చిరిగిన పాత ప్రశ్నపత్రముల కట్టలును అతని బల్లమీద నున్నవి. (ఆ రెన్ దొర బొంబాయి రాజధానిలో విద్యాశాఖోద్యోగము చేసి, పిమ్మట విదేశీ సైనికుల సాహసములనుగూర్చి నవలలు వ్రాసి లోకమున ప్రసిద్ధిగాంచినవాడు, మన దేశములో మాత్రము నవలలు మరుగుపడి వ్యాకరణమే నిలిచినది.) అభ్యాసపత్రములో ఒక వాక్యము నాలుగు ముక్కలుగా విడదీసి ఇచ్చి తప్పున్న ముక్కను గుర్తింపుమన్నారు. ‘ది ప్రైస్ ఆఫ్ టొమాటోస్ హ్యావ్ ఫాలెన్ దిస్ వీక్’ అనునది ఆ వాక్యము. అతడు ‘హ్యావ్’ ఉన్న ముక్కను గుర్తించెను. అది సరియైన జవాబే. ఎట్లు తెలిసెనని నేనడిగితిని.

“ఏమో మామా, ఆడ తప్పుండాదని తోచింది, పెట్టేస్తి” అనెను.

ఆ వాక్యమునందు కర్త ధర, టమాటాలు కావు. టమాటాలు ఎన్ని బుట్టలున్నను ధర ఒక్కటే గనుక క్రియ ఏకవచనమున ఉండవలెను. కాని క్రియకు దాపున కూర్చున్నది బహువచనపదము కావున చెవి దానివెంట పోవును. రాయకోట మండీలో ధర పడిపోయెనని వినని దినము లేనివానికి సంగతి యంతయు తెలిసినదే, వాక్యపు కట్టడము మాత్రము తెలియదు. అతని జవాబునకు రెండు మార్కులు. కర్తను కనిపెట్టి, దాపునున్న పదపు మోసమును కనిపెట్టి, అదే ముక్కను గుర్తించినవానికిని రెండే మార్కులు. దిద్దు యంత్రమునకు ఈ యిరువురి నడుమ భేదము లేదు, ఉండుటకు వీలు లేదు.

పరీక్షాధికారులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. ఊహించి పెట్టువారిని అదుపుచేయుటకే నెగెటివ్ మార్కులు పుట్టినవి. కాని ఆ లెక్కలను కొంచెము విప్పి చూచినచో ఒక వింత కనబడును. కమిషను వారి గ్రాడ్యుయేటు పరీక్షలో మొదటి అంచెయందు నూరు ప్రశ్నలు, రెండువందల మార్కులు, గంట వ్యవధి. అందు ఇరువదియైదు ప్రశ్నలు ఇంగ్లీషు. ఒప్పునకు రెండు మార్కులు వచ్చును, తప్పునకు అరమార్కు పోవును. నాలుగు జవాబులలో ఒకదానిని కన్నులు మూసికొని పెట్టువాడు నాలుగు ప్రశ్నలకు సగటున ఒకటి గెలిచి రెండు మార్కులు పొందును, మూడు ఓడి ఒకటిన్నర పోగొట్టుకొనును. అరమార్కు అతనికి మిగులును. అనగా ఏమియు తెలియనివానికి ఊరకుండుటకంటె గుడ్డిగా పెట్టుటయే లాభము. బ్యాంకు పరీక్షలో జవాబులైదు, తప్పునకు పోవునది పావు మార్కు. కావున అచట లాభనష్టములు సరిసమానమై సున్నవద్ద నిలుచును. ఎటు చూచినను నియమము చేయగలిగినదంతయు ఊహకు వెల కట్టుటయే గాని, ఊహను జ్ఞానమునుండి వేరుచేయుట కాదు.

మన శాస్త్రములలో ఈ చిక్కు ప్రాచీనమైనది. నైయాయికులు జ్ఞానమును ప్రమ, సంశయము, విపర్యయము మొదలుగా విభజించినప్పుడు, ఉన్నదానిని ఉన్నట్లు గ్రహించుట ప్రమ యనియు, ఇదియో అదియో యని ఊగిసలాడుట సంశయమనియు, లేనిదానిని ఉన్నట్లు నమ్ముట విపర్యయమనియు చెప్పిరి. ఈ మూడును మన పరీక్షాపత్రమున ఒప్పు, ఖాళీ, తప్పు అను మూడు రూపములతో కూర్చున్నవని మొదట తోచును. ఇక నాకు కలిగినది ప్రమయే యని నేనెట్లు నిశ్చయింపగలనను ప్రశ్నకు వాత్స్యాయనుడు తన న్యాయభాష్యమును మొదలిడుచునే జవాబు చెప్పబూనెను: ఆ జ్ఞానమును పట్టుకొని పని చేసినచో పని సఫలమైనయెడల జ్ఞానము నిజమైనదని తెలియును. నీరున్నదని తోచి పోయి త్రాగి దప్పి తీరినవాని జ్ఞానము నీటిజ్ఞానమే. మార్కుల పట్టికను నమ్మువారందరును తెలియకయే వాత్స్యాయనుని శిష్యులు. మీమాంసకులు మాత్రము దీనిని ఒప్పుకొనక, జ్ఞానము పుట్టినప్పుడే దాని ప్రామాణ్యము దానితో పుట్టుననియు, బయటి సాక్ష్యము అక్కరలేదనియు వాదించిరి. ఆ వాదమును ఇచట విస్తరింపను.

నైయాయికుల కోటకు బీటవేసినవాడు శ్రీహర్షుడు. శ్రీనాథుడు తెనిగించిన నైషధమునకు మూలకర్తగా తెలుగువారికి చిరపరిచితుడైన ఆ పండ్రెండవ శతాబ్దపు మహాకవియే ఖండనఖండఖాద్యమను ఘోరమైన తర్కగ్రంథమును రచించి, ప్రమకు చెప్పిన లక్షణములన్నిటిని ఒక్కొక్కటిగా చీల్చి పారవైచెను. అందు ఒకచోట అతడు చూపిన దృష్టాంతమిది: ఒకడు గుప్పిట గవ్వలు మూసి ఎన్నియని యడుగగా, ఎదుటివాడు ఏ యాధారమును లేక ఐదనెను, గుప్పిట విప్పగా ఐదే యున్నవి. ఆ జ్ఞానము ఉన్నదానిని ఉన్నట్లే చూపినది. ఐనను దానిని జ్ఞానమనుటకు మనకు నోరు రాదు. పురుగు కొయ్యను తొలుచుచుండగా అక్షరపు ఆకృతి యేర్పడినచో పురుగునకు అక్షరములు వచ్చుననరాదు గదా. ఘుణాక్షరన్యాయమని, కాకతాళీయమని మన పెద్దలు పేర్లు పెట్టిన యాదృచ్ఛికసత్యమిది. పాశ్చాత్యులలో ఎడ్మండ్ గెటియర్ అను నాతడు మూడు పుటల చిన్న వ్యాసమున 1963లో ఇట్టి ప్రశ్ననే లేవదీసినప్పుడు విశ్వవిద్యాలయములలో గొప్ప కలకలము చెలరేగినది. ఎనిమిది శతాబ్దముల ముందే గవ్వలు లెక్కించిన మనవానిని గూర్చి మనమును అంతగా కలత చెందలేదు, వారును చెందలేదు.

శ్రీహర్షుని గుప్పిట నా మేనల్లుని మిద్దెగదిలో దినదినము మూతపడుచున్నది, తెరువబడుచున్నది. జవాబు సరియైనది, ఎరుక లేదు. ఈ భేదమును పరీక్ష చూడలేదు, కోచింగు సెంటరువారు చూడలేరు, ర్యాంకు చూచి మురియు తండ్రి చూడలేడు. చూడగలవాడు ఒక్కడే: ఆ జవాబు పెట్టినవాడు. తనకు తెలిసి పెట్టెనో, తోచి పెట్టెనో అతనికి ఆ క్షణమున నిస్సంశయముగా తెలియును. మరుక్షణమున జవాబు ఒప్పని కీ చూచి సంతోషించునప్పుడు మరచిపోవును. ఆ మరపునకు ముందున్న క్షణమే నా విషయము.

ఈ క్షణమును గూర్చి తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషను వారు తమకు తెలియకయే ఒక వేదాంతోపకారము చేసిరి. జవాబుపత్రములను తరువాత మార్చిన కుంభకోణమొకటి బయటపడిన పిమ్మట, 2020 నుండి వారు ఓఎంఆర్ షీటుపై ఏ, బీ, సీ, డీ లకు తోడు ఈ అను ఐదవ గుండ్రమును చేర్చి, జవాబు తెలియనివాడు దానిని ఖాళీగా విడువరాదనియు, తెలియదను ఆ గుండ్రమునే నల్లగా దిద్దవలెననియు నిర్ణయించిరి. ఖాళీ విడిచినచో ఇంకొకరు నింపుదురను భయమే దీనికి మూలము. తప్పునకు మార్కులు పోవని ఆ పరీక్షలో ఐదవ గుండ్రమును దిద్దుటవలన ఎవనికిని లాభము లేదు గనుక, నాకు తెలిసినంతలో వ్యవధి మిగిలినవాడెవడును దానిని దిద్దడు; గుడ్డిగా బీయో సీయో దిద్దును. ఐనను ఎరుగనను మాటకు ఒక స్థానమును, ఒక యాకారమును ఏర్పరచి, నోరు మూసికొనుట వేరు, ఎరుగనని చెప్పుట వేరని ఆ షీటు ప్రకటించుచున్నది.

అద్వైతులు దీనినే ఎంతయో సూక్ష్మముగా పరిశీలించిరి. ఎరుగననునది ఒట్టి శూన్యము కాదనియు, అదియు ఒక యనుభవమే యనియు, ఆ యనుభవమును ప్రకాశింపజేయునది కన్ను కాదు, చెవి కాదు, తర్కము కాదు, సాక్షిచైతన్యమే యనియు వారి సిద్ధాంతము. గాఢనిద్రనుండి లేచినవాడు సుఖముగా నిద్రించితిననియు, ఆ వేళ ఏమియు తెలియలేదనియు చెప్పునప్పుడు ఆ తెలియకపోవుటను అతనికి తెలిపినదెవరు? తెలిసినదానిని తెలిసినదిగను, తెలియనిదానిని తెలియనిదిగను చూచుచుండు ఆ వెలుగునకు వారు సాక్షి యని పేరు పెట్టిరి. సాక్షిని గూర్చి ఉపన్యాసములు వినువారు పలువురు. దానిని అభ్యాసముచేయు అవకాశము దినమునకు నూరుమార్లు దొరకువారు పోటీపరీక్షార్థులు. నూరు ప్రశ్నలకు నూరు పర్యాయములు, “ఇది తెలియునా, తెలియునని తోచుచున్నదా” యను విచారణ వారికి తప్పదు. ధ్యానమందిరములో కూర్చున్నవానికి ఇంత నిర్దయమైన గురువు దొరకుట దుర్లభము.

ఇచట శంకరుల కథను ఎవరైనను నా మీదికి తెత్తురని ఎరుగుదును. కాశీవీథిలో ముదుసలి యొకడు వ్యాకరణసూత్రములను వల్లించుచుండగా చూచి ఆచార్యులు జాలిపడి, మరణకాలమున ఈ వ్యాకరణము నిన్ను రక్షింపదు, గోవిందుని భజింపుమని స్తోత్రము చెప్పిరని ఐతిహ్యము. కాని ఆ ఆచార్యుల భాష్యములను తెరచి చూడుడు: ప్రతిపుటయందును పదవిభాగము, విభక్తివిచారము, సమాసనిర్ణయము. వ్యాకరణమును చేత పట్టుకొని నడచినవాడే వ్యాకరణమును తిట్టెనని నమ్ముట నాకు కష్టము. ముదుసలియందు ఆయన చూచినది వ్యాకరణము కాదు, ఎరుకలేని ఆవృత్తి. అర్థమును విడిచి ధ్వనిని మాత్రము కాపాడుచు, కాలము గడచిపోవుచున్నదను సంగతికి ఆ ధ్వనిచేత చెవులు మూసికొనుట. పతంజలి మహాభాష్యారంభమున వ్యాకరణమునకు చెప్పిన ఐదు ముఖ్యప్రయోజనములలో కడపటిది అసందేహము, అనగా సంశయనివృత్తి. సూత్రము నేర్చినది సంశయము తీరుటకు. తీరినదో లేదో చూచుకొననివాడు సూత్రమునకే ద్రోహము చేయుచున్నాడు. ఇది పాణినికి ఎట్లో రెన్ మార్టినులకును అట్లే. దేవభాషకు ఒక న్యాయము, దొరల భాషకు ఒక న్యాయము నేను చెప్పలేను. ఈ హోసూరు సీమలోనే తొరపల్లియందు 1878లో పుట్టిన రాజగోపాలాచారిగారు గీతను, ఉపనిషత్తులను ఆ దొరల భాషలోనే చిన్నచిన్న పుస్తకములుగా విప్పి చెప్పిరి గదా.

పరదేశములో ఈ సంగతి నెరిగిన యొకామె గలదు. సిమోన్ వేయ్ అను ఫ్రెంచి విదుషి, గీతను మూలమున చదువుటకై సంస్కృతము నేర్చినది, 1942లో మార్సేయి నగరమున నుండగా బడి చదువులకును దైవధ్యానమునకును గల సంబంధమును గూర్చి వ్యాసము వ్రాసి, లెక్క కుదరకపోయినను, అనువాదము తప్పిపోయినను, దానిపై నిలిపిన యవధానము వ్యర్థము కాదనియు, విద్యార్థి తన తప్పులను ఒక్కొక్కదానిని తేరిపార చూడవలెననియు ప్రతిపాదించెను. ఆమెయెడల నాకు గౌరవము మెండు. కాని ఆమె తప్పులను మాత్రమే చూడుమనినది. బహుళైచ్ఛిక ప్రశ్నలు ఆమె కాలమున ఫ్రాన్సు బడులలో రాజ్యమేలుచుండలేదు. అందువలన తప్పుకంటె ప్రమాదకరమైనది తెలియక తగిలిన ఒప్పని ఆమెకు తోచియుండదు. తప్పు కీ చూడగానే పట్టుబడును. తగిలిన ఒప్పు పట్టుబడదు. అది జ్ఞానము వేషము వేసికొని మనసులో ఇల్లు కట్టుకొనును, అహంకారమునకు ఆహారమగును.

మా మేనల్లునితో ఈ మాటలన్నియు చెప్పలేదు. చెప్పినను వినునంత తీరిక అతనికి లేదు. తోచి పెట్టిన జవాబులకు పక్కన పెన్సిలుతో చుక్క పెట్టుమనియు, కీ చూచినప్పుడు చుక్క గలిగిన ఒప్పులను తప్పుల జాబితాలో వ్రాసి, ఎందుకు ఒప్పాయెనో కారణము దొరకువరకు విడువవలదనియు మాత్రము చెప్పితిని. కొన్ని దినములు మార్కులు దిగజారినవని వాడు నామీద కినిసెను. నిజమునకు మార్కులు దిగలేదు, లెక్క మారినది. పిమ్మట చుక్కలు ఎక్కువగా ఎచ్చట పడుచున్నవో వానికే కనబడినది: ప్రిపొజిషనుల దగ్గర. ఇంగ్లీషు పత్రికను బిగ్గరగా చదువుట ఆరంభించెను. ఇందు మహిమ యేమియు లేదు.

అతడడిగిన ప్రశ్న యొకటి మాత్రము నన్ను కొంతకాలము వేధించినది. “పరీక్షహాల్లో గెస్ కొట్టేది పాపమా మామా? తెలీదని చెప్పేదానికి గుండ్రముండగా, తెలీనోడు బీ పెట్టేది అబద్ధమే గదా?” తేలికైన ప్రశ్న కాదు. యోగభాష్యకారుడు సత్యమును వివరించుచు, తాను కన్నదియు ఊహించినదియు విన్నదియు ఎట్లున్నదో మనసున, మాటయందు అట్లే యుండవలెననియు, మాట పలుకుట తన యెరుకను ఎదుటివానియందు చేర్చుటకే గనుక అది వంచనగా నుండరాదనియు చెప్పెను. ఈ లక్షణముతో చూచినచో పరీక్షాపత్రము వాక్కే కాదు: జవాబు ముందే యెరిగిన అధికారికి మన యెరుకను చేర్చవలసిన పని లేదు. పలువురు ఊహించియే పెట్టుదురని ఎరిగి, దానికి వెల కూడ నిర్ణయించినవాడు వంచితుడెట్లగును? కావున హాల్లో ఊహించుట పాపము కాదని నా తీర్పు. మిద్దెగదిలో, కీ ఎదుట, చుక్కను చెరిపివేయుట పాపము. ఏలయన అచట మాటలాడువాడును వినువాడును తానే, వంచితుడు తానే.

ఇంత చెప్పినను ఒక కఠినమైన ఆక్షేపము మిగిలియున్నది. ఈ సాధన యంతయు చేసినవాడు అరమార్కుతో కట్-ఆఫ్ తప్పి ఇంట కూర్చుండును. గుడ్డిగా నాలుగు తగిలినవాడు కొలువెక్కును. స్టాఫ్ సెలెక్షన్ కమిషను వారి కొలువులలో కొన్నింటికి 27, కొన్నింటికి 30, మరికొన్నింటికి 32 ఏండ్లు పరిమితి. రిజర్వేషను గలవారికి కొంత సడలింపు. ఏండ్లు గడచిపోవుచుండగా సాక్షిచైతన్యమును గూర్చి మాటలాడుట, అదే తాలూకాలో లేచిన టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారమునకు షిఫ్టు బస్సెక్కు చెల్లెలి సంపాదనతో పుస్తకములు కొనుకొను యువకునియెదుట హృదయశూన్యముగా వినబడవచ్చును. అర్థము పురుషార్థములలో ఒకటి. దానిని కోరుట నీచము కాదు. ఎరుకగలవానికి కొలువు దొరకి తీరునని నేను చెప్పను. అది అబద్ధము.

అరణ్యపర్వములో ద్రౌపది ధర్మరాజును ఈ ప్రశ్ననే అడిగినది. ధర్మమును ఇంత కాపాడిన నిన్ను ధర్మమెందుకు కాపాడదని. ఫలమునకై ధర్మమును బేరమాడువాడను కానని అతడిచ్చిన జవాబును పురాణము చెప్పువారందరును మెచ్చుకొందురు, చాలమంది అచ్చటనే గ్రంథము మూసివేయుదురు. ద్రౌపది అచ్చట ఆగలేదు. మనుష్యునకు ప్రాప్తించునది యదృచ్ఛవలన కొంత, దైవమువలన కొంత, తన కర్మవలన కొంతయని విడదీసి, అంతయు యదృచ్ఛయే యనువాడును అంతయు దైవమే యనువాడును సమానముగా చెడుదురని తేల్చి, దున్ని విత్తిన సేద్యగానికి వాన రాకపోయిన దోషము అంటదని వాదించెను. ఆమె ధర్మజునివలె ఫలమును త్రోసిపుచ్చలేదు, కావలెననియే అన్నది. కావలెననుచు, ఏది తనవలన వచ్చినదో ఏది ఊరక తగిలినదో కలగాపులగము చేయలేదు. మా మేనల్లుని ఆక్షేపమునకు నేను చెప్పగల జవాబు ధర్మరాజుది కాదు, ఆమెది. ఈ విచారమంతయు తన కెట్లు వచ్చెనో ఆమెయే చెప్పినది: పుట్టినింట ఒక పండితుడు తన సోదరులకు నీతిశాస్త్రము బోధించుచుండగా, తండ్రి ఒడిలో కూర్చుండి వినెనట. ఆ పాఠము ఆమెకై ఏర్పడినది కాదు. ఆమెను ఎవరును ప్రశ్నింపలేదు, మార్కులు వేయలేదు. అడవిలో పనిపడినప్పుడు కారణములతోసహా ఆమెకది వచ్చినది.